రాని దాడికి కట్టిన దడి

"దాడి వస్తోంది!"

బురుజు మీంచి గిల్మన్ తాత పెట్టిన కేకకి ఆర్డిస్ చేతిలో కప్పు పడలేదు, కాఫీ మాత్రం ఒలికింది. చేతిలో ఉన్నది జారవిడవడం ఆ ఊళ్ళో అమర్యాద.

"ఏం వస్తోందీ?" అంది తలెత్తి.

"దాడే తల్లీ, దాడి! అవతలి ఒడ్డు నుంచి! ఎరల కొట్టు లవోన్ ఇప్పుడే ఫోన్ చేసింది. వంతెన ఎక్కేశారట!"

లవోన్ కొట్టు వంతెన మొదట్లో ఉంటుంది. గాలానికి గుచ్చే వానపాములూ, ఊరి మీదికి వచ్చే వార్తలూ రెండూ ఆవిడ దగ్గర తాజాగా, మెలికలు తిరుగుతూ దొరుకుతాయి. ఆవిడ అబద్ధం చెప్పదు. ఇక గిల్మన్ తాతకి వినికిడి మిషన్ ఉంది. పాస్టరు గారి ప్రసంగం మొదలవగానే దాన్ని తీసి జేబులో వేసుకోవడం ఆయనకి అలవాటు. మళ్ళీ చెవికి పెట్టుకోవడమే అలవాటు కాలేదు. అయినా బురుజు మీద కాపలా ఆయనదే కాబట్టి, ఆయనకి ఏది వినపడితే ఊరికి అదే వినపడాలి.

ఆయన గంట తాడు లాగాడు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లాగని తాడేమో, తెగి ఆయన చేతిలోకి వచ్చేసింది. తెగే ముందు మాత్రం గంట ఒక్కసారి ఖంగుమంది.

మామూలు ఊరికైతే గుండెల్లో దడ పుట్టాలి. హామర్‌వోల్‌కి మాత్రం గుండెల్లో పండగ పుట్టింది. ముత్తాతల కాలం నుంచీ ఆ ఊరు ఎదురు చూస్తున్నది ఈ దాడి కోసమే.

నార్వే నుంచి ఓడెక్కి వచ్చిన ముత్తాతలు మిసిసిపీ నది పక్కన ఈ గట్టెక్కారు. అక్షరాలా గట్టెక్కారు. మూడు వైపులా నిట్టనిలువు రాతి చరియ. అంచున నిలబడి టోపీ జారవిడిస్తే, అది నదిలో పడేలోపు తీరిగ్గా కొత్త టోపీ గురించి ఆలోచించుకోవచ్చు. నాలుగో వైపు మాత్రం చదును నేల, ఎవరైనా చేతులూపుకుంటూ నడిచి రావచ్చు. ఆ రోజుల్లో అవతలి ఒడ్డున విస్కాన్సిన్ దుంగలవాళ్ళు ఉండేవారు. నీళ్ళలో కొట్టుకొచ్చిన దుంగలు ఎవరివన్న మాట మీద వాళ్ళతో తగాదా వచ్చింది. వాళ్ళు గొడ్డళ్ళతో మీద పడతారని భయపడి, ముత్తాతలు ఆ నాలుగో వైపు మొన తీసిన దుంగలు బారుగా పాతి దడి కట్టారు. ఊరికి హామర్‌వోల్ అని పేరు పెట్టారు. వాళ్ళ పాత భాషలో హామర్ అంటే నిటారు చరియ, వోల్ అంటే కోటగోడ. మొదటి సగం దేవుడు కట్టాడు, రెండో సగం వీళ్ళు కట్టారు. ఆ సంగతి తెలియని బయటివాళ్ళు హామర్ అంటే సుత్తి అనుకుంటారు. ఓ పూట కూర్చుని ఆ ఊరివాళ్ళు వాతావరణం గురించి చెప్పుకునే కబుర్లు విన్నాక, అనుకున్నది సరైనదేనని తేల్చుకుని వెళతారు.

దడి కట్టాక ముత్తాతలు గొడ్డళ్ళు నూరి కాచుకు కూర్చున్నారు. ఎవరూ రాలేదు. ఆ దుంగలవాళ్ళకి అసలు తగాదా జరిగినట్టే గుర్తు లేదని తర్వాతెప్పుడో తెలిసింది. అంత కష్టపడి గోడ కట్టుకుంటే, శత్రువన్నవాడు వచ్చి ఆ గోడైనా చూడకుండా, తమ గోడైనా వినకుండా ఊరుకోవడం ఊరికి చిన్నతనంగా ఉండేది. ఆ చిన్నతనాన్నే పెద్ద పండగ చేసుకున్నారు. ఏటా జూన్‌లో ఓ శనివారం ఊరంతా మంచి కోట్లు తొడుక్కుని కోటలో చేరుతుంది. దడి వెంట నిలబడి రోడ్డు కేసి చూస్తుంది. మధ్యాహ్నం చర్చి గంట కొట్టగానే కోట నాయకుడెవరో వాళ్ళు మైకు ముందుకొచ్చి "రాలేదు" అంటారు. అందరూ ఒక్క నిట్టూర్పు విడిచి భోజనాలకి లేస్తారు. అంతే పండగ.

ఇప్పటి కోట నాయకురాలు ఆర్డిస్ టోర్‌గర్సన్. ఏడాదికి ఒక్క మాట ఆమె ఉద్యోగం. ఆమెకి ముందు ఆ మాట ఆమె తండ్రి అన్నాడు, ఆయనకి ముందు తాత అన్నాడు. ఆ మాట అనే యోగం ఈ రోజుతో సరి అని ఆమె పొద్దుటి నుంచీ కుమిలిపోతోంది. ఎందుకంటే, దడి లేదు.

పుచ్చిపోతూ, ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డ దుంగలు మొన్న మంచు కరిగినప్పుడు ఒక్కసారిగా ఒరిగాయి. లోపలివాళ్ళకి ఇబ్బంది కలక్కుండా బయటికే ఒరిగాయి. నడుమ ఉన్న తలుపు మాత్రం మిగిలింది. రెండు స్తంభాలు, వాటి మధ్య ఇనప గడియ వేసిన పెద్ద చెక్క తలుపు, దానికి అటు గాలి, ఇటు గాలి. ఊరివాళ్ళు మాత్రం ఇప్పటికీ తలుపు దగ్గరికే వచ్చి, తీయించుకుని, లోపలికొచ్చి గడియ వేస్తారు. ఊరి వంటలు చూసే మార్లిస్ పెంచే కుక్క కూడా తలుపు తీసేదాకా బయటే కూర్చుని తోకాడిస్తుంది.

కౌంటీ ఆఫీసు వాళ్ళకి ఆ కుక్కకున్న పాటి ఓర్పు లేకపోయింది. గోడ లేనిది కోటెలా అవుతుంది, అది వట్టి చరియ, చరియ అంచుకి జనాన్ని పోగేస్తే చర్య తీసుకోక తప్పదు అన్నారు. పండగనాటి మధ్యాహ్నానికి దడి నిలబడి ఉండాలి. లేకపోతే పసుపు టేపు అడ్డం కట్టి పండగ మాన్పించేస్తారు, ఊరి బోర్డు మీద వోల్ తీసేసి హామర్ అని మాత్రం ఉంచుతారు. కొత్త బోర్డు పట్టుకుని ఇవాళే ఆఫీసరమ్మ వస్తోంది.

అంత పొడుగు దుంగలు ఆ చుట్టుపక్కల ఒక్కడి దగ్గరే దొరుకుతాయి. వాడు ఆర్డిస్ తమ్ముడు బర్నెల్. అవతలి ఒడ్డు పిల్లని చేసుకుని అవతలి ఒడ్డునే కోతమిల్లు పెట్టుకున్నాడు. కోట ఇటు, కోత అటు. తండ్రి పోయిన ఏడు వాడొకసారి వచ్చి, "అక్కా, దడి పుచ్చిపోతోంది, నేను కొత్తది కట్టిస్తాను" అన్నాడు. "నీకెందుకురా శ్రమ" అంది ఆర్డిస్. "శ్రమేముందే, కడతాను" అన్నాడు. "వద్దులే, ఎలాగో నడుస్తోందిగా" అంది. వాడు "సరే" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

హామర్‌వోల్‌లో ఎవరేది ఇస్తానన్నా మొదటి వద్దు మర్యాదకి, రెండో వద్దు వంశానికి. అసలు జవాబు మూడోసారి అడిగితేనే వస్తుంది. కాఫీ దగ్గర నుంచి పెళ్ళి దాకా అదే పద్ధతి. అవతలి ఒడ్డున మాత్రం తింటావా అంటే తింటానంటారు, తినేస్తారు కూడా. అక్కడి నీళ్ళు తాగి బర్నెల్ లెక్క మర్చిపోయాడు. అక్కయ్య తన సొమ్మే వద్దంది, నది దాటినందుకు తనని వెలివేసింది అనుకున్నాడు. తమ్ముడు మూడోసారి అడగడానికి కూడా ఇష్టపడలేదని అక్కయ్య అనుకుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ మధ్య కట్టకుండా లేచిన గోడ అది ఒక్కటే, అది మాత్రం పుచ్చలేదు.

సరే, గంట మోగింది. జనం ఒక్కొక్కరే తలుపు దగ్గర వరస కట్టి, లోపలికొచ్చి, గడియ వేసుకుంటూ చేరారు.

అందరికన్నా ముందు మార్లిస్ వచ్చింది. భోజనాల పెత్తనం ఆవిడది. "ఆర్డిస్, నిజంగానే వస్తున్నారా? ఎంతమందట?"

"అడగలేదే."

"అదేం నాయకత్వమమ్మా! ఎంతమందో తెలీకపోతే ఎన్ని పళ్ళేలు పెట్టాలి? పరాయి ఊరి నుంచి పనిగట్టుకుని మన మీదికొస్తున్నారు, ఆకలితో పంపిస్తామా?"

"వాళ్ళు మన కోట పడగొట్టడానికొస్తున్నారు మార్లిస్."

"పడగొట్టడానికి ఇంకేం మిగిలిందని? ముందు హాట్‌డిష్ ఇంకో నాలుగు పొయ్యిలో పెట్టిస్తాను. వాళ్ళకి పుట్టగొడుగులు పడతాయంటావా?"

హాట్‌డిష్ లేనిదే ఆ ఊళ్ళో పెళ్ళీ జరగదు, చావూ జరగదు. అడుగున కైమా, నడుమ పుట్టగొడుగుల పులుసు, పైన కోట గోడ మీద దుంగల్లా బంగాళాదుంప ముక్కలు బారుగా పేర్చి కాలుస్తారు. ఆ ఏడు హామర్‌వోల్‌లో నిలబడి ఉన్న దడి ఏదన్నా ఉందంటే అదే.

"ఫిరంగి సంగతేంటమ్మాయ్?" అని బురుజు మీంచి అరిచాడు గిల్మన్ తాత. "మందు కూరుదామా?"

"దాన్నిండా జెరేనియం మొక్కలున్నాయి తాతా!"

"పీకెయ్!"

"పూత మీదున్నాయయ్యా!" అని మార్లిస్ కయ్యిమంది. "దాడి ఇవాళుంటుంది, రేపు పోతుంది. పూలు సెప్టెంబరు దాకా పూస్తాయి."

ఫిరంగిని పూలతోనే రోడ్డు వైపు తిప్పారు. ఆర్డిస్ మిగిలిన మనుషుల్ని తలుపుకి అటూ ఇటూ నిలబెట్టింది. ఒక రైతు సందేహం వెలిబుచ్చాడు. "మరి ఈ ఖాళీ లోంచి వచ్చేస్తే ఎలాగమ్మా?"

"అక్కణ్ణుంచి ఎలా వస్తారు? తలుపు ఇక్కడుంటే!" అంది ఆర్డిస్. అందరూ అది నిజమేనన్నారు.

అంతలో తలుపు మీద టక్ టక్ మని చప్పుడైంది. ఆర్డిస్ తలుపు సందులోంచి చూసింది. కౌంటీ ఆఫీసరమ్మ, రెనాటా పోల్. చంకలో కొత్త బోర్డు, చేతిలో పసుపు టేపు చుట్ట. రోడ్డు పక్కన కారాపి, ఎదురుగా మైదానమంతా ఖాళీగా ఉన్నా, తిన్నగా తలుపు దగ్గరికే వచ్చి తట్టింది. చరియలో పుట్టిన చెట్టు చరియ వైపే వంగినట్టు, ఆవిడ కూడా ఆ కౌంటీలో పుట్టిన మనిషే.

"రావచ్చాండీ?" అంది.

"రండి రండి. కాఫీ తాగుతారా?"

"అయ్యో, ఎందుకండీ."

"ఒక్క కప్పు."

"వద్దండీ, ఇప్పుడే తాగాను."

"కలిపేసి ఉంది మరి."

"అయితే ఇవ్వండి" అని పుచ్చుకుంది. చూస్తున్న ఊరివాళ్ళకి ఆవిడ మీద కాస్త గౌరవం కలిగింది. ఆవిడ కాఫీ తాగుతూ తలుపు చుట్టూ చూసింది. "నాకూ బాధగానే ఉంది ఆర్డిస్ గారూ. కానీ ప్రాకారం లేదు కదా."

"రూలు ప్రకారమా, మా ఆకారమా, దేని గురించి మీరంటున్నది?" అంది మార్లిస్.

"రూలు ప్రకారమే ప్రాకారం ఉండాలమ్మా. బురుజు ఉంది, తలుపు ఉంది, గోడ లేదు. దీన్ని కోట అంటే నవ్విపోతారు."

"ఏమంటారు మరి?"

"ఆఫీసులో దాని గురించే పెద్ద చర్చ జరిగింది. ఒకాయన గట్టు అన్నాడు, ఒకాయన కొండకొమ్ము అన్నాడు, మా పెద్దాయన చరియ అన్నాడు. చివరికి చరియే ఖాయం చేశారు."

"చరియ అంటే జారిపడేది. గట్టంటే నిలబడేది" అంది ఆర్డిస్ రోషంగా. "మేం జారలేదు."

"మీ గోడ జారింది కదండీ" అంది ఆఫీసరమ్మ మెల్లగా. ఆర్డిస్ గడియారం చూసుకుంది. మధ్యాహ్నానికి ఆట్టే టైము లేదు. "ఈ జనమంతా ఏమిటి? పండగకి ఇలా బారులు తీరి నిలబడతారా?" అని అడిగింది రెనాటా.

"ఇవాళ నిజం దాడి వస్తోందండీ" అన్నాడు ఇందాకటి రైతు గర్వంగా.

రెనాటా ఊరంతటినీ ఒకసారి చూసింది. "అదోరకంగా ఉంది" అంది. ఆ కౌంటీలో అంతకన్నా ఘాటైన తిట్టు లేదు.

అప్పుడే మలుపులో దుమ్ము లేచింది. పెద్ద లారీ, వెనక ఇంకో రెండు. వాటినిండా ఎర్ర గళ్ళ చొక్కాలు తొడుక్కున్న బలిష్ఠులు, భుజాల మీద గొడ్డళ్ళు, సమ్మెటలు. లారీల్లోంచి మొన తీసిన దుంగలు ముందుకి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"తలుపు బద్దలు కొట్టే దుంగలు!" అన్నాడు గిల్మన్ తాత ఆనందం పట్టలేక. "చూశారా, చూశారా! ముత్తాతలు చెప్పినట్టే!"

లారీలు తలుపుకి ఎదురుగా ఆగాయి. దిగినవాళ్ళెవరూ పక్క ఖాళీ వైపు కన్నెత్తి చూడలేదు. ముందు లారీ నడిపినవాడు ఒక్కడే నడిచొచ్చి తలుపు తట్టాడు. పక్కకి ఒక్క అడుగు వేసి చూస్తే మనిషి నిలువునా కనిపిస్తాడు. కానీ ఆర్డిస్ పద్ధతిగా సందులోంచే చూసింది. ఒక కన్ను, నెరిసిన మీసం, తండ్రి ముక్కు.

"ఎవరూ?" అంది.

"నేనే అక్కా. బర్నెల్‌ని."

ఆర్డిస్ కళ్ళు దుంగల మీదికి వెళ్ళాయి. పొడుగు, లావు, మొన అన్నీ ముత్తాతలు పాతిన కొలతలోనే ఉన్నాయి. ఇవి తలుపు బద్దలు కొట్టే దుంగలు కావు. ఆమెకి అంతా అర్థమైంది. గడియ తీసింది.

"బోర్డు మారుస్తారని లవోన్ చెప్పింది" అన్నాడు బర్నెల్, తన బూట్ల కేసి చూసుకుంటూ. "దుంగలు తెచ్చాను. పాతమంటావా?"

ఆర్డిస్‌కి గొంతు దాకా వచ్చింది "పాతు" అన్న మాట. కానీ పుట్టిన దగ్గర నుంచీ నాలుక తిరిగిన దారి వేరు.

"అబ్బే, ఇంత దూరం ఎండన పడి... నీకెందుకురా శ్రమ."

"శ్రమేం కాదక్కా. మా వాళ్ళున్నారు. గంటలో పాతేస్తాం."

"వద్దులే. మేమేదో చూసుకుంటాంలే."

రెండయ్యాయి.

బర్నెల్ టోపీ తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. తండ్రి పోయిన ఏడు పెట్టుకున్నట్టే పెట్టుకున్నాడు. ఆర్డిస్ తలుపు చెక్కని గట్టిగా పట్టుకుంది. ఒక్కసారి, ఇంకొక్కసారి అడగరా అని కళ్ళతో అడిగింది. నోటితో అడగమనడం కన్నా అమర్యాద ఆ ఊళ్ళో మరొకటి లేదు. వాళ్ళ తాత మూడోసారి ఎవరూ అడక్కపోతే పెళ్ళి విందులో ఆకలితోనే లేచి వచ్చాడు తప్ప ఇంకాస్త వడ్డించమనలేదు.

మార్లిస్‌కి పొలమారింది. దగ్గుతూ మూడు వేళ్ళు చూపించింది. బర్నెల్‌కి ఆ వేళ్ళు కనపడ్డాయి గానీ, మంచినీళ్ళు కావాలేమో అనుకున్నాడు. రైతు గొంతు సవరించుకుని ఆకాశం కేసి చూసి, "ఏదైనా మూడోసారికే కుదురుతుందంటారు, వర్షం సంగతే అనుకోండి" అన్నాడు. అంతకన్నా ముందుకెళ్ళే ధైర్యం ఆయనకి లేదు. కౌంటీ ఆఫీసరమ్మ సైతం కింది పెదవి కొరుక్కుంటూ టేపు చుట్టని నలిపేస్తోంది.

"సరే మరి" అన్నాడు బర్నెల్. వెనక్కి తిరిగి లారీ మెట్టు మీద కాలు పెట్టాడు.

"ఏమంటున్నాడర్రా?" అన్నాడు బురుజు మీంచి గిల్మన్ తాత. ఆయనకి ఒక్క ముక్క వినపడితే ఒట్టు. "ఓయ్, బాబూ! నిన్నే! ఏమిటంటున్నావు?"

ముసలాయన్ని పట్టించుకోకుండా వెళ్ళడం నదికి అటైనా ఇటైనా తప్పే. బర్నెల్ ఆగాడు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు. "దుంగలు పాతనా అని అడుగుతున్నాను తాతా!"

చరియ కింద నది దాకా వెళ్ళి తిరిగొచ్చింది ఆ మాట.

"సరే!" అంది ఆర్డిస్. అంత గట్టిగా ఆమె ఏ పండగలోనూ మైకులో కూడా మాట్లాడలేదు. "నువ్వింత బలవంతం చేస్తే కాదంటానుట్రా!"

"మూడు!" అని ఊరంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. మార్లిస్ దగ్గు టక్కున ఆగిపోయింది.

బర్నెల్ మెట్టు మీద ఒక కాలూ, నేల మీద ఒక కాలూ పెట్టి అక్కయ్య కేసి చూశాడు. వాడి మొహంలోకి పాత లెక్క మెల్లగా తిరిగి రావడం అందరికీ కనిపించింది. "అంటే... నాన్న పోయినప్పుడు..."

"రెండే అడిగావు" అంది ఆర్డిస్.

"మూడోది అడిగుంటే?"

"అప్పుడే సరే అనేదాన్ని కదరా, వెధవా." కళ్ళు తుడుచుకుని తలుపు బార్లా తెరిచింది. "తిని పనిలో దిగండి."

అవతలి ఒడ్డు కుర్రాళ్ళని మార్లిస్ "కాస్త తింటారా?" అని మొదటిసారి అడిగేసరికే, "ఓ, పెట్టండి" అని పళ్ళేలు లాక్కున్నారు. ఆవిడ జీవితంలో అంత మొరటుతనం చూడలేదు. ఆ మొరటుతనం వల్లే బోలెడంత టైము కలిసొచ్చిందని తర్వాత ఒప్పుకుంది. కంచాలు అక్కడ పడేసి కంచె పనిలో దిగారు. పాత గుంతలు గట్టి రాతిలో తొలిచినవి కాబట్టి ఎక్కడివక్కడే ఉన్నాయి. పుచ్చిన పొట్టు తోడెయ్యడం, దుంగ దించడం, సమ్మెట దెబ్బలు వెయ్యడం. సుత్తి ఊరికి సమ్మెటలు వచ్చాయని అవతలి కుర్రాడొకడు జోకేస్తే, ఇవతలి వాళ్ళు మర్యాదగా మూడోసారికి నవ్వారు.

అయినా చర్చి గంట ఆగలేదు. మధ్యాహ్నం గంట కొట్టేసరికి తలుపుకి కుడి పక్క అంచు దాకా దడి నిలబడింది. ఎడం పక్క ఇంకా గాలే ఉంది.

రెనాటా కాఫీ కప్పు కింద పెట్టింది. "సగమే అయింది ఆర్డిస్ గారూ" అంది. ఆవిడ గొంతులో నిజంగానే దిగులుంది. "రూలు మాత్రం..."

"ఒక్క మాట అడగనా?" అంది ఆర్డిస్. "ఇందాక మీరొచ్చినప్పుడు కుడి పక్క గోడ లేదు, ఎడం పక్క గోడ లేదు. మరి తలుపెందుకు తట్టారు?"

రెనాటా తలుపు కేసి చూసింది, ఖాళీ కేసి చూసింది. "మరి... తిన్నగా లోపలికొచ్చేస్తే ఏం బాగుంటుందండీ?"

"అదేనండీ మా గోడ. ముత్తాతలు కట్టింది అదే. దుంగలు దాని గుర్తుకి."

ఆవిడ బోర్డు చంకనెత్తుకుని, దుంగల వైపు కాకుండా నది వైపు నడిచింది. చరియ అంచున దాన్ని పాతించి, రాతి కొస వెంట పసుపు టేపు తనే కట్టింది. "ఈ పక్క హామరే కదా" అంది తిరిగొచ్చి. "ఆ పక్క వోల్ సాయంత్రానికి పూర్తవుతుందనే అనుకుంటున్నాను. నేనైతే గోడ చూశాననే రాసుకుంటాను."

ఊరు చప్పట్లు కొట్టబోయి, ఆవిడ ఇబ్బంది పడుతుందేమోనని మానుకుంది.

ఆర్డిస్ మైకు దగ్గరికి నడిచింది. ఏడాదంతా దాచుకున్న ఒక్క మాట నాలుక చివర ఉంది. నోరు తెరిచేలోపు బురుజు మీంచి కేక వినిపించింది.

"ఆగాగు! అదెలా అంటావు? వచ్చిందిగా!"

జనం గతుక్కుమన్నారు. నిజమే. గంట మోగింది, దాడి వచ్చింది, తిని కూర్చుంది కూడా. దాడి వచ్చిన ఏడు రాలేదు అని ఎలా అంటారు? అనకపోతే పండగ ఎలా అవుతుంది? గోడ నిలబడ్డాక పండగ పడిపోయేటట్టుంది. ఆర్డిస్ మైకు ముందే ఫోన్ తీసి ఎరల కొట్టుకి కలిపింది.

"లవోన్, పొద్దున్న గిల్మన్ తాతతో ఏం చెప్పావు? ఉన్నదున్నట్టు చెప్పు. ఊరంతా వింటోంది."

"ఏముందమ్మా!" అని లౌడ్‌స్పీకర్లో లవోన్ గొంతు గట్టంతా మోగింది. "మీ బర్నెల్ లారీలు వంతెన ఎక్కాయి, అవతలి ఒడ్డు నుంచి దడి వస్తోంది అన్నాను. దడి! దుంగల దడి! ఆయనేమో ఎంతమంది అంటాడు, దుంగలు లెక్కపెట్టలేదయ్యా అంటే జై అని ఫోన్ పెట్టేశాడు!"

ముందు నవ్వింది బర్నెల్. తర్వాత లారీల కుర్రాళ్ళు, ఆ తర్వాత ఊరు. మార్లిస్ నవ్వుతూనే ఫిరంగి మీద పూలు సర్దింది. గిల్మన్ తాత జేబులోంచి వినికిడి మిషన్ తీసి, ఊది, చెవికి పెట్టుకున్నాడు.

"అంటే దాడి రాలేదా?" అన్నాడు.

ఆర్డిస్ మైకుని దగ్గరికి లాక్కుంది. పక్కన తమ్ముడున్నాడు, వెనక సగం దడి ఉంది.

"రాలేదు."

ఊరంతా ఒక్క నిట్టూర్పు విడిచి భోజనాలకి లేచింది.